అలలు కొలవడానికి చవక సెన్సార్: నా ఓటు ప్రెషర్‌కే

శబ్దం పంపి, దాని ప్రతిధ్వనితో దూరం కొలిచే చవక అల్ట్రాసోనిక్ సెన్సార్ ట్యాంకులో నీటిమట్టం చూడటానికి చాలు. అలల దగ్గర దాని పప్పులు ఉడకవు. వాలుగా ఉన్న నీటి మీద పడిన శబ్దం పక్కకు పోతుంది, రీడింగ్ గెంతుతుంది.

అందుకే నీటిలో ముంచి, పైనున్న నీటి ఒత్తిడిని బట్టి మట్టం చెప్పే ఎంఎస్5837-30బీఏ ప్రెషర్ సెన్సార్‌కి మారాను. నీటిమట్టంలో 2 మిల్లీమీటర్ల తేడా కూడా పట్టేస్తుంది. ఐ2సీ (రెండు వైర్ల మీద డేటా పంపే పద్ధతి) కాబట్టి వైరింగ్ సులువు. వాటర్‌ప్రూఫ్ చేయడమే అసలు టెన్షన్: ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పోసేటప్పుడు, ఒత్తిడిని లోపలికి అందించే చిప్ మీది జెల్‌కి చుక్క కూడా తగలకూడదు.

గాలి పీడనం ఒక్క మిల్లీబార్ మారితే నీటిమట్టం దాదాపు సెంటీమీటరు మారినట్టు చూపిస్తుంది. నీటిమట్టమే కావాలంటే బయట గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఒకటి పెట్టి ఆ తేడా తీసేయాలి. అలలకైతే ఆ గొడవ లేదు, గాలి పీడనం అంత వేగంగా మారదుగా! కానీ మరీ లోతుకు దించకండి, చిన్న అలల ఒత్తిడి అక్కడిదాకా చేరదు.