పడటానికి ఒక చెరువు కావాలి

మా మేనల్లుడు స్కాట్లండ్‌లో, అబర్డీన్ దగ్గర ఉంటాడు. కయాక్ అనే చిన్న తెడ్డు పడవ ఎక్కించి సముద్రంలో మాకెరెల్ చేపలు పట్టిస్తానని రెండేళ్లుగా ఊరిస్తున్నాడు. ఈసారి జూన్ నెలకు టికెట్లు కొన్నాక ఫోనులో ఒక షరతు పెట్టాడు. "మామయ్యా, గాలం వేయడం ఇక్కడ నేను నేర్పిస్తాను. నీళ్లలో పడి మళ్లీ పడవ ఎక్కడం మాత్రం అక్కడే నేర్చుకుని రండి." మృగశిర కార్తె ఆ చలి దేశంలోనే గడుస్తుందన్న మాట. సరేనని జనవరిలో నాలుగు రోజులు సెలవు పెట్టి, హైదరాబాదు మిత్రుడి కయాక్‌ను కారు పైన కట్టుకుని, మా వరంగల్ చుట్టుపక్కల చెరువుల మీద పడ్డాను.

పన్నెండు అడుగుల ప్లాస్టిక్ పడవ అది, పైన కూర్చునే రకం. ఎక్కిన నీళ్లు దాని రంధ్రాల గుండా వాటంతటవే జారిపోతాయి. బోర్లా పడితే మనిషి లోపల ఇరుక్కోడు. చేపల కోసం మొదలుపెట్టేవాళ్లకు ఇదే మేలు. ములుగులో టీ కోసం ఆగితే కొట్టు యజమాని కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఏ పార్టీ గుర్తు సార్?" అని అడిగాడు.

మొదట లక్నవరం వెళ్లాను. హనుమకొండ నుంచి సుమారు 75 కిలోమీటర్లు. కొండల మధ్య కాకతీయుల నాటి చెరువు, అందులో ద్వీపాలు, వేలాడే వంతెన. కుటుంబంతో ఒక రాత్రి ఉండటానికి ఈ చుట్టుపక్కల ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. ద్వీపం మీద గది దొరికితే తీసుకోండి, కాని ఆదివారం మాత్రం వద్దు. మంగళవారం తెల్లవారుజామున వంతెన మీద నేనూ ఒక కొంగా మాత్రమే ఉన్నాం. వారాంతంలో ఆ వంతెన సంత వీధిలా ఉంటుంది. నా పనికి మాత్రం అది చోటు కాదు. షికారు పడవలు తిరిగే నీళ్లలో పదే పదే బోర్లా పడే మనిషిని చూస్తే ఎవరికైనా గుండె ఆగుతుంది.

రామప్పలో రాత్రి బస చేయలేదు, ఒక పూట ఆగానంతే. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. గోపురానికి వాడినవి నీళ్లలో తేలే ఇటుకలు. ఎనిమిది వందల ఏళ్ల కింద ఇటుకనే తేల్చినవాళ్ల ఊళ్లో నేను తేలడం నేర్చుకోవాలనుకోవడం కాస్త సిగ్గుగానే అనిపించింది. పక్కనే ఉన్న చెరువు కట్ట మీద నడవడానికి సాయంత్రం చాలా బాగుంటుంది.

పాకాల గురించి ఒక్క మాట చాలు. చెరువు అద్భుతం, అడవి ఇంకా అద్భుతం, కాని అది అభయారణ్యం, పైగా మొసళ్లున్న నీళ్లు. కట్ట మీద నుంచి చూసి రావడమే మర్యాద.

మధ్యలో ఒక షికారు కేంద్రంలో (పేరు ఎందుకులెండి) అద్దె కయాక్ దొరికింది. లైఫ్ జాకెట్ ఇచ్చారు. బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమన్నాను. జాకెట్ నా చెవుల దాకా లేచింది. నీళ్లలో పడితే అది తేలుతుంది, నేను తేలను. ఒక బకిల్ విరిగింది, దాని బదులు కొబ్బరి తాడు. ఇంకొకటి అడిగితే, "పడరు సార్, భయపడకండి" అన్నాడు అక్కడి కుర్రాడు. "పడటానికే వచ్చాను బాబూ" అన్నాను. వెంటనే డబ్బులు వెనక్కి ఇచ్చేశాడు.

చివరికి పరకాల వైపు ఒక ఊరి చెరువు దొరికింది. పేరు రాయను, రాస్తే అక్కడి మత్స్యకారుల సంఘానికి తలనొప్పి. చేపల మీద హక్కు వాళ్లదే కనుక ముందుగా సంఘం పెద్దను కలిసి అడిగాను. గాలం ఒక్కటే, పట్టింది వాళ్లకే ఇవ్వాలి, వలల వైపు పోకూడదు అన్నాడు. పైసా తీసుకోలేదు. నాలుగు రోజుల్లో నేను పొందిన సేవలన్నిటిలో ఇదే మేలైనది.

అక్కడ ఒక పెద్దాయన థర్మాకోల్ తెప్ప మీద వలలు చూసుకుంటున్నాడు. తెప్ప అంటే గోనెసంచి చుట్టి తాడుతో బిగించిన మందపాటి దిమ్మె, అంతే. నేను మూడుసార్లు పడి, మూడుసార్లూ కయాక్‌ను పక్క నుంచి కౌగిలించుకుని నా మీదికే తిప్పుకోవడం చూసి దగ్గరికి వచ్చాడు. "చేతులతో ఎక్కాలని చూస్తున్నావు బిడ్డా, కాళ్లతో ఎక్కాలి" అన్నాడు. ఆయన నీళ్లలోకి జారి చూపించాడు. ముందుగా కాళ్లు వెనక్కి చాచి కొట్టాడు, ఒళ్లు నీటి మట్టానికి తేలింది. అప్పుడు పొట్టను తెప్ప మీదికి జార్చాడు, ఒక్క క్షణం అలాగే పడుకున్నాడు, తర్వాత పిరుదు తిప్పి కూర్చున్నాడు. కాళ్లు పైకి తీసుకోవడం అన్నిటికన్నా చివర. మేనల్లుడు పంపిన వీడియోలో చెప్పింది సరిగ్గా ఇదే వరస. మొదటి ప్రయత్నానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది, చివరి రోజుకు నలభై సెకన్లు.

ఆ ధీమాతోనే గాలం వేశాను. జెల్ల పడింది, అరకిలో కూడా ఉండదు. కయాక్ మీద చేపను పెట్టేది ఒళ్లోనే, రెండు తొడల మధ్య. జెల్లకు వీపు మీద ఒక ముల్లు, రెక్కల దగ్గర చెరొకటి. అది ఎగిరింది, నేను తొడలు పక్కకు లాక్కున్నాను, పడవ బోర్లా పడింది. అనుకుని పడటం వేరు, అనుకోకుండా పడటం వేరు. ఊపిరి తీసుకోవలసిన చోట నీళ్లు మింగాను. తెడ్డును, గాలం కర్రను పడవకు కట్టి ఉంచాను కనుక అవి దక్కాయి. చెప్పులు, జెల్ల పోయాయి. పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు.

రాత్రి ఫోనులో ఇదంతా చెబితే మేనల్లుడు నవ్వలేదు. మన చెరువులో జనవరి ఉదయం గాలి చల్లగా, నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. అక్కడ దీనికి సరిగ్గా వ్యతిరేకం. జూన్ ఎండ హాయిగా ఉంటుంది, నీళ్లు పది పన్నెండు డిగ్రీలే. గాలిలో కన్నా నీళ్లలో ఒంటి వేడి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. అందుకే ఎండను చూసి కాదు, నీళ్లను చూసి బట్టలు వేసుకోవాలట. నీళ్లు చొరని డ్రై సూట్ ఖరీదు చూస్తే కళ్లు తిరిగాయి, దాన్ని అద్దెకు తీసుకుంటాం. పడ్డాక మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే, తర్వాతి పది నిమిషాలే చేతులు మాట వింటాయి, స్పృహ గంట వరకు ఉండవచ్చు అని అక్కడ నేర్పుతారు. ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి ఇంకో మాయ. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి, లోపలికి వెళ్లాక తిరిగి రానివ్వవు. మన చెరువులో గాలి కొడితే అవతలి కట్టకు చేరుస్తుంది, అంతే. కనుక మొదటిసారి నేర్పేవాళ్లతోనే, గాలి తగలని చిన్న అఖాతంలోనే దిగాలని ఇద్దరం ఒప్పుకున్నాం.

"చేతులు మాట వింటాయి" అన్న ముక్క మాత్రం మనసులో ఉండిపోయింది. ఇంటికి వచ్చాక చేపల దుకాణం నుంచి ఒక సంచి ఐసు తెచ్చి బకెట్‌లో పోసి, లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఐదు నిమిషాలు చేతులు ముంచాను. మొదటి నిమిషం నొప్పి. మూడో నిమిషానికి నొప్పి లేదు, వేళ్లూ లేవు. బయటికి తీసి బకిల్ విప్పబోయాను. రెండు బొటనవేళ్లూ దాని మీదే ఉన్నాయి, నొక్కుతున్నానో లేదో నాకే తెలియలేదు. చివరికి పిండి చేతులతో వంటింట్లోంచి వచ్చి మా ఆవిడే విప్పింది.