ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ: పుస్తకాలకు మించిన శిక్షణ

హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీని పాస్టర్లను తయారుచేసే సంస్థగా మాత్రమే చూస్తే దాని అసలు బలం కనబడదు. 1964లో రాజమండ్రిలో ప్రారంభమై తరువాత నగరానికి తరలివచ్చిన ఈ కళాశాలను లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలు కలిసి నిలబెట్టుకున్నాయి. పసిబిడ్డ నుదుట నీళ్లు చల్లి బాప్తిస్మమిచ్చే సంఘం నుంచి వచ్చిన విద్యార్థి, విశ్వాసం ఒప్పుకున్నవారినే నీటిలో ముంచే సంఘం నుంచి వచ్చిన విద్యార్థి పక్కన నిలబడి ఒకే తెలుగు కీర్తన పాడడం, నా దృష్టిలో, ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేని శిక్షణ.

తెలుగు సంఘాల్లో అధిక భాగం దళిత కుటుంబాలే కాబట్టి, క్రైస్తవ వేదాంత డిగ్రీలిచ్చే సెరాంపూర్ సెనేటు పాఠ్యక్రమంలోని దళిత వేదాంతం (దళితుల అనుభవం నుంచి బైబిలును చదివే ఆలోచన) ఇక్కడ ఎక్కడో దూరపు సిద్ధాంతంలా కాక, విద్యార్థి తన ఊరి పేటను, తన తల్లిదండ్రులు పడిన అవమానాన్ని వాక్యపు వెలుగులో చదువుకునే అవకాశంగా మారుతుంది. నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించేది ఇదే. ఏకాంతంగా చదువుకోవడానికి ఇష్టపడేవారికి ఇలా వేర్వేరు సంఘాలవారితో కలిసి సాగే సామూహిక జీవనం మొదట్లో కొంత ఇరుకుగా అనిపించవచ్చు. బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) కోర్సులో చేరదలచినవారు ముందుగా తమ పాస్టరుగారితో మాట్లాడి, వీలైతే ఒక ఆరాధనకు హాజరై, అక్కడి విద్యార్థులను స్వయంగా కలిసి నిర్ణయించుకోవడం మంచిది.