ఉక్కు కవచానికి మైనపు రంగు: మూడేళ్ల వాడకం తర్వాత

సైనికుల బొమ్మల మీది కవచాలకి వేసే, ట్యూబులో వచ్చే ఈ మైనపు స్టీల్ రంగు కొన్న కొత్తలో కనబడ్డవాళ్లందరికీ కొనమని చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, ఇప్పుడైతే ఇంకాస్త ఆచితూచి చెబుతాను.

నేను వేసేవి ఎక్కువగా నెపోలియన్ సైన్యంలోని కుయిరాసియర్లు, 54 మిల్లీమీటర్ల బొమ్మలు. ఛాతీకీ వీపుకీ ఉక్కు రేకులు తొడుక్కున్న ఆ రౌతుల్లో కవచం కుదరకపోతే మిగతా పనంతా దండగే. మామూలు యాక్రిలిక్ వెండి రంగులో రేణువులు తేలిపోతాయి. బొమ్మ మీద 0.1 మిల్లీమీటరు చుక్క, అసలు మనిషి మీదైతే 3 మిల్లీమీటర్లు. ఈ మైనాన్ని ముందే వేసిన నల్ల రంగు పూత మీద పల్చగా రుద్ది, ఆరాక పాత బనియన్ గుడ్డతో తుడిస్తే ఛాతీ మధ్య గీత తెల్లగా వెలుగుతుంది, చంక కిందికి వచ్చేసరికి దాదాపు నలుపు. బొమ్మ తిప్పుతుంటే వెలుగూ జరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు దీపం కింద తిప్పుతూనే కూర్చున్నాను.

ఆ బొమ్మకే దెబ్బ తగిలింది. నెలన్నర పని పూర్తయ్యాక, రంగులు నిలవాలని ఒళ్లంతా మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొట్టాను. తెల్లారి చూస్తే కవచం పాత సత్తు గిన్నెలా ఉంది. పైన మెరిసే గ్లాసీ వార్నిష్ వేస్తే ప్లాస్టిక్‌లా తయారైంది. చివరికి కవచమంతా మళ్లీ నలుపు చేసి, భుజాల మీది ఇత్తడి పొలుసులు, అంచు రివెట్లు ఒక్కొక్కటే తిరిగి వేశాను. అప్పటినుంచి బట్టలు, ముఖం, గుర్రం, వార్నిష్ అన్నీ అయ్యాకే కవచం ముట్టుకుంటాను. దాని మీద ఇంకేదీ కొట్టను. రివెట్ల చుట్టూ నీడకి కూడా నీళ్ల రంగే. ఆయిల్ రంగు వేయబోతే టర్పెంటైన్‌కి మైనం లేచి వచ్చేసింది.

ఇదే రకంలో ఇత్తడి రంగును కూడా అప్పట్లో పొగిడాను. నెపోలియన్ సైన్యంలోనే 1809 తర్వాత ఇత్తడి రంగు కవచాలు తొడిగిన మరో రకం రౌతు, కారబినియర్ బొమ్మకి వాడాక ఆ నమ్మకం తగ్గింది. వాటర్లూ యుద్ధంలో ఫిరంగి గుండు దూసుకుపోయిన కారబినియర్ కవచం పారిస్ సైనిక మ్యూజియంలో ఉంది. ఫొటోల్లో కనిపించే ఆ పసుపు, ఆ బరువు దీనితో నాకు రాలేదు.

నేను ఏడాదికి నాలుగైదు బొమ్మలు వేసి అద్దాల బీరువాలో పెడతాను, బొమ్మ కింది పీట పట్టుకునే తీస్తాను. చేత్తో ఎత్తి జరుపుతూ యుద్ధాటలు ఆడేవాళ్లకి ఇది నప్పకపోవచ్చు, వేలు తగిలిన భుజాల దగ్గర కింది నలుపు బయటపడుతుంది. నాకైతే ట్యూబు ఇంకా సగానికి పైనే ఉంది. అది అయిపోయేదాకా ఉక్కుకి వేరే రంగు కొనను.