ధ్యాన్‌చందా, బల్బీర్‌సింగా?

ఆగస్టు 29 దగ్గర పడుతోందంటే చాలు, తెలిసినవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: మన హాకీలో అందరికంటే గొప్పవాడెవరు? అడిగేవాళ్లలో సగం మందికి జవాబు ముందే ఖాయం. ఆ రోజు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. జాతీయ క్రీడా దినోత్సవం అందుకే జరుపుతున్నాం, ఖేల్‌రత్నకూ ఆయన పేరే పెట్టుకున్నాం. మా ఇంట్లో అయితే నాన్నగారి ముందు ఇంకో పేరు ఎత్తడానికే లేదు. నేను మాత్రం కొన్నేళ్లుగా మెల్లగా బల్బీర్‌సింగ్ సీనియర్ పక్షానికి జరిగిపోయాను.

ఈ ఇద్దరినీ పోల్చడం తేలిక. ఇద్దరూ సెంటర్ ఫార్వర్డ్‌లే. ఇద్దరికీ మూడేసి ఒలింపిక్ స్వర్ణాలు, మూడోసారి ఇద్దరూ కెప్టెన్లే. ధ్యాన్‌చంద్‌వి 1928 ఆమ్‌స్టర్‌డామ్, 1932 లాస్ ఏంజెలెస్, 1936 బెర్లిన్. బల్బీర్‌వి 1948 లండన్, 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్. పతకాలు వేసి తూస్తే ముల్లు ఎటూ మొగ్గదు.

కర్ర పనితనం చూడండి అంటారు కొందరు. అక్కడ ధ్యాన్‌చంద్‌కు సాటి లేరనే ఒప్పుకుంటాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయిదు మ్యాచ్‌లలో మనవాళ్లు 29 గోల్స్ కొట్టి ఒక్కటి కూడా ఇవ్వలేదు. ఆ 29లో 14 ఆయనవే. కర్రలో అయస్కాంతం ఉందేమోనని విరగ్గొట్టి చూశారనీ, హిట్లర్ పిలిచి కొలువు ఇస్తానన్నాడనీ చెప్పే కథలను మాత్రం నేను లెక్కలోకి తీసుకోను. వాటికి గట్టి ఆధారం నాకెక్కడా కనబడలేదు. పైగా అంతటి ఆటగాడికి కట్టుకథల ఊతకర్ర ఎందుకు?

నా దృష్టిలో అసలు విషయం, ఎదుటి జట్టు ఏపాటిది, మనం ఓడిపోయే ప్రమాదం ఎంత అన్నది. ధ్యాన్‌చంద్ ఆడిన మూడు ఒలింపిక్స్‌లోనూ హాకీలో బ్రిటన్ జట్టే లేదు. లాస్ ఏంజెలెస్‌లో ఆడినవి మొత్తం మూడు జట్లు: మనం, జపాన్, అమెరికా. అమెరికాను 24-1తో చితక్కొట్టాం. అందులో ధ్యాన్‌చంద్ గోల్స్ ఎనిమిది. తమ్ముడు రూప్‌సింగ్‌వి పది! అలాంటి మ్యాచ్‌లో గోల్స్ లెక్కపెట్టి ఏం తేల్చగలం?

బెర్లిన్ సంగతి వేరు. పోటీలకు ముందు సాధన మ్యాచ్‌లో అదే జర్మనీ చేతిలో 4-1తో ఓడి, ఫైనల్లో వాళ్ల గడ్డమీదే 8-1తో గెలిచారు. ఆ పోటీల మొత్తంలో మన జట్టు ఇచ్చిన గోల్ అదొక్కటే. ధ్యాన్‌చంద్ తరఫున వాదించమంటే నేను ఈ మ్యాచ్ ఒక్కటే పట్టుకుని కూర్చుంటాను.

ఇప్పుడు బల్బీర్ దగ్గరికి రండి. దేశ విభజనతో మన హాకీకి ఆయువుపట్టయిన పంజాబ్ రెండు ముక్కలైంది. నిన్నటిదాకా పక్కన ఆడినవాళ్లు అవతలి జట్టుకు వెళ్లిపోయారు. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండకముందే, 1948 ఆగస్టు 12న, వెంబ్లీలో బ్రిటన్‌తోనే ఫైనల్. అంతకుముందు అర్జెంటీనా మీద ఆరు గోల్స్ కొట్టిన కుర్రవాణ్ణి తర్వాతి రెండు మ్యాచ్‌లకు బయటే కూర్చోబెట్టారు (ఎంపికల తమాషా అప్పుడూ ఉండేది). ఫైనల్లో అవకాశం ఇస్తే మన నాలుగు గోల్స్‌లో రెండు ఆయనే కొట్టారు. బ్రిటన్‌కు ఒక్కటీ దక్కలేదు.

హెల్సింకిలో మనం ఆడినవి మూడు మ్యాచ్‌లు, కొట్టినవి 13 గోల్స్. తొమ్మిది బల్బీర్‌వి. బ్రిటన్ మీద 3-1తో గెలిచిన సెమీఫైనల్లో మూడూ ఆయనవే. నెదర్లాండ్స్‌తో ఫైనల్ 6-1, అందులో అయిదు ఆయనవి. పురుషుల ఒలింపిక్ హాకీ ఫైనల్లో ఒక్కడే అయిదు గోల్స్ కొట్టడం మళ్లీ జరగలేదు.

మెల్‌బోర్న్‌లో మొదటి మ్యాచ్‌లోనే వేలు విరిగింది. అయినా ఆ వేలితోనే సెమీఫైనల్, ఫైనల్ ఆడారు. ఫైనల్లో ఎదురుగా పాకిస్తాన్. 1-0తో గెలిచాం. గోల్ కొట్టింది రణధీర్‌సింగ్ జెంటిల్, బల్బీర్ కాదు. నాకు ఆయన మీద గురి కుదిరింది మాత్రం ఈ మ్యాచ్‌తోనే. 24-1 మ్యాచ్‌లో విరిగిన వేలితో దిగాల్సిన పని ఎవరికీ ఉండదు.

మిగతా పేర్లూ అడుగుతారు కాబట్టి చెబుతాను. లెస్లీ క్లాడియస్, ఉధమ్‌సింగ్‌లకు మూడేసి స్వర్ణాలు, ఒక్కో రజతం. క్లాడియస్ హాఫ్‌బ్యాక్, ఆయన్ను గోల్స్‌తో కొలవలేం. ధన్‌రాజ్ పిళ్లై నాలుగు ఒలింపిక్స్ ఆడినా పతకం రాత లేకపోయింది. శ్రీజేశ్ మన కాలపు మేటి, అయితే గోల్‌కీపర్ల లెక్క వేరు. మన హైదరాబాదీ ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడు. అభిమానం ఎంతున్నా ఈ వరుసలో మాత్రం కూర్చోబెట్టలేను.

బల్బీర్ ఖాతాలో ఇంకొకటి ఉంది. మనం గెలిచిన ఒకే ఒక్క ప్రపంచకప్, 1975లో కౌలాలంపూర్‌లో. ఆ జట్టుకు మేనేజర్ ఆయనే. ఫైనల్లో పాకిస్తాన్ మీద 2-1. నాన్నగారు ఆ మ్యాచ్ వ్యాఖ్యానం రేడియోలో విన్నారు. మొన్న ఇదే వాదన పెట్టుకుని, జట్టును నడిపించింది బల్బీరే కదా అన్నాను. ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు.

“గెలిపించిన గోల్ అశోక్‌కుమార్‌ది. ఎవరి కొడుకురా వాడు?” అన్నారు.