ముక్కు మీద పులిపిరి అనుకున్నాం: శ్రీకాకుళంలో ఒక స్కిన్ క్లినిక్ గురించి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో, మేడ మీద ఉన్న చర్మవ్యాధుల క్లినిక్ ఇది. తన పేరు పెట్టొద్దని డాక్టరమ్మ అన్నారు, అందుకే పెట్టడం లేదు. ఇబ్బందులు ముందే చెప్పేస్తాను. ఉదయం తొమ్మిదికి టోకెన్ తీసుకుంటే మా వంతు పన్నెండున్నరకి వచ్చింది. కుర్చీలు ఎనిమిదే, మిగతావాళ్లం మెట్ల మీద కూర్చున్నాం, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఆ మెట్లెక్కడం నిజంగా కష్టం. ఫీజు 400. ఇవన్నీ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా మానని మచ్చ ఉంటే నేను తీసుకెళ్లేది అక్కడికే.

మా మావయ్యకి 64 ఏళ్లు. ఆమదాలవలస దగ్గర వరి, మినుములు పండిస్తాడు. ముక్కు పక్కన చిన్న నల్ల బొడిపె లేచి రెండేళ్లయింది. పులిపిరి అనుకుని సున్నం, బట్టల సోడా కలిపి పెట్టుకున్నాడు. అది ఊడింది, మానినట్టే మాని మళ్లీ రక్తం కారడం మొదలైంది. తర్వాత ఒకచోట చూపిస్తే కుర్చీలోంచి లేవకుండానే ఆయింట్‌మెంట్ రాసిచ్చారు, ఎనిమిది నెలలు అదే రాసుకున్నాడు. ఈలోగా ఇంట్లో ఎవరో కుష్టేమో అన్నారు, ఆయన కంచం, గ్లాసు వేరయ్యాయి. మావయ్య ఒక్క మాట అనలేదు కానీ వీధరుగు మీద కూర్చుని తినడం మొదలుపెట్టాడు. అది చూశాక నాకు ఆగాలనిపించలేదు, మర్నాడే బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చేశాను.

ఈవిడ లేచి వచ్చి, లైటున్న చిన్న భూతద్దం లాంటిది ముక్కుకి ఆనించి, కనిపించేది మాక్కూడా ఫోన్‌లో చూపించారు. మామూలుగా చూస్తే నల్ల మచ్చే. దగ్గరగా చూస్తే అంచు ముత్యంలా మెరుస్తోంది, దాని మీద సన్నటి ఎర్రటి రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా చీలి ఉన్నాయి. మన రంగు వాళ్లకి ఇది చాలాసార్లు నల్లగానే వస్తుంది, అందుకే పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు అన్నారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి బియ్యపు గింజంత ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆరో రోజున రిపోర్టు వచ్చింది: బేసల్ సెల్ కార్సినోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్.

మా వైపు అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకి అంగిట్లో క్యాన్సర్ వస్తుందని అందరికీ తెలుసు. ముక్కు మీద బొడిపె కూడా క్యాన్సరే కావొచ్చని మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. ఇది ఎక్కువగా ఎండ వల్లే వస్తుందని డాక్టరమ్మ చెప్పాక మావయ్య చాలాసేపు నేల చూపులు చూసి, "అమ్మా, ఊరంతా ఎండలోనే ఉంటాది కదా, నాకే ఎందుకొచ్చింది?" అన్నాడు.

నేను ఈ రివ్యూ రాస్తున్నది ఆ ప్రశ్నకి ఆవిడిచ్చిన జవాబు కోసం. బయట అంతమంది ఉన్నా ఓ పావుగంట కూర్చుని, మందుల చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. "పొందూరు ఖద్దరు చూశారు కదా తాతగారూ, పోగులు పక్కపక్కనే ఉంటాయి. మన కణంలో డీఎన్‌ఏ కూడా అలాంటిదే, ఏ, సీ, జీ, టీ అనే నాలుగు అక్షరాల వరస. ఎండలో యూవీ కిరణాలు తగిలితే పక్కపక్కనున్న రెండు అక్షరాలు అతుక్కుపోతాయి. కణం ఆ కాస్త భాగాన్ని కత్తిరించి కొత్తగా నేసుకుంటుంది, రోజూ చేసే పనే. ఎప్పుడో ఒకసారి సరిగ్గా నేయలేకపోతే సీ ఉండాల్సిన చోట టీ పడుతుంది. ఆ తప్పు ఏ జన్యువులో పడిందన్నదే ముఖ్యం" అన్నారు. మావయ్య లాంటి కేసుల్లో ఎక్కువగా పాడయ్యేది పీటీసీహెచ్1 అనే జన్యువట. అది బ్రేకు. స్మూతెన్డ్ అనే ప్రొటీన్‌ని తొక్కిపట్టి ఉంచుతుంది. ఆ జన్యువు మనకి రెండు ప్రతులుంటాయి, రెండూ పాడైతే బ్రేకు పోతుంది, పెరుగు పెరుగు అనే కబురు ఆగకుండా కణానికి వెళ్తూనే ఉంటుంది. ఆ కబురు దారి పేరు హెడ్జ్‌హాగ్, అంటే ఒంటినిండా ముళ్లుండే చిన్న జంతువు. ఇంటికొచ్చాక చదివాను, పండ్ల ఈగల్లో 1980లో హెడ్జ్‌హాగ్ జన్యువుని పట్టుకున్నప్పుడు, అది చెడిన ఈగ పిల్లల ఒళ్లంతా ముళ్లతో కనిపించిందని ఆ పేరు పెట్టారట, కనిపెట్టిన ఇద్దరూ 1995 నోబెల్ పంచుకున్నవాళ్లలో ఉన్నారు. స్మూతెన్డ్‌ని ఆపే మాత్ర విస్మోడెగిబ్ 2012లో అమెరికాలో అనుమతి పొందింది, కానీ అది బాగా ముదిరిన వాళ్లకి, మీకు ఆపరేషన్ చాలు అని డాక్టరమ్మ అన్నారు.

నాకే ఎందుకు అన్నదానికి కూడా దాటవేయలేదు. నల్లటి చర్మంలోని మెలనిన్ చాలావరకు కాపాడుతుంది, అందుకే తెల్లవాళ్లతో పోలిస్తే మనలో ఇది తక్కువ, అయినా యాభై ఏళ్ల ఎండలో ఏ కణంలో ఏ అక్షరం తప్పుపడుతుందో ఎవరి చేతిలోనూ లేదు, మీరు చేసిన తప్పేమీ కాదు అన్నారు. కంచం వేరు పెట్టారని నేను చెప్తే ఆవిడ మొహం మారిపోయింది. "ఇది ఆయన ఒంట్లో ఆయన కణమే, ఇంకొకరికి అంటదు" అని గట్టిగా చెప్పి, అదే మాట చీటీ మీద తెలుగులో రాసి సంతకం పెట్టి, ఇంట్లో చూపించమన్నారు.

ఆపరేషన్ విశాఖలో అయింది. చుట్టూ బాగున్న చర్మం కూడా కొంత కలిపి తీసి, అంచుల్లో ఏమీ మిగల్లేదని చూశారు. ఈ రకం వేరేచోటికి పాకడం చాలా అరుదు, కానీ వదిలేస్తే ఉన్నచోటే లోపలికి తినేస్తుంది. రెండేళ్లు ఆలస్యం చేయకపోతే కుట్లు ఇంకా చిన్నవి అయ్యేవి, ఆ బాధ నాకుంది.

తర్వాత చెకప్‌కి అత్త కూడా వచ్చింది. లంగా బొందు రాసుకునే చోట నడుం మీద నల్లటి గరుకు చార ఉందని బిడియపడుతూనే చూపించింది. అక్కడ ఎండ పడకపోయినా, ఏళ్ల తరబడి రాపిడికి పుండవుతూ మానుతూ ఉంటే స్క్వామస్ సెల్ అనే ఇంకో రకం చర్మ క్యాన్సర్ రావొచ్చట. మన దేశంలో చీర, పంచె బిగించి కట్టేవాళ్లలో డాక్టర్లు చూసిన సంగతే ఇది. దెబ్బతిన్న కణాన్ని పెరగనీయకుండా ఆపే పీ53 అనే కాపలా జన్యువు చెడిపోవడం ఆ రకంలో చాలా ఎక్కువగా కనిపిస్తుందని, ఈ రకం లింఫు గ్రంథులకి పాకే అవకాశం కూడా ఉంటుందని చెప్పారు. అత్తకి అలాంటిదేమీ లేదు, పుండు పడితే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. అత్త ఇప్పుడు బొందు తీసేసి నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ కుట్టించుకుంది, మావయ్య కంచం మళ్లీ అందరి కంచాలతోపాటే ఉంది.