ఆఫీసుకీ ట్రెయిల్‌కీ మధ్య ఇల్లు: రెడ్మండ్, సమామిష్, ఇసక్వా, స్నోక్వాల్మీల్లో ఏది మేలు?

సియాటిల్ ఈస్ట్‌సైడ్‌కి (లేక్ వాషింగ్టన్‌కి తూర్పున ఉన్న ఊళ్ళకి) వచ్చిన మనవాళ్ళు ఇల్లు వెతికేటప్పుడు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. స్కూలు ఎలాంటిది, ఆఫీసుకి ఎంతసేపు, ఇండియన్ గ్రోసరీ ఎంత దూరం. మౌంటెన్ బైకింగ్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది, కాకపోతే దాన్ని ఇంట్లో గట్టిగా అడగలేరు: ట్రెయిల్ ఎంత దూరం?

దీనికి చాలామంది మ్యాప్ తెరిచి, సైకిల్ దారులున్న టైగర్ మౌంటెన్‌ అనే కొండకి ఎన్ని మైళ్ళో చూస్తారు. ఆ లెక్క పెద్దగా పనికిరాదు. శనివారం పొద్దున్న ఏడింటికి రోడ్లు ఖాళీ. అప్పుడు ఈస్ట్‌సైడ్‌లో ఏ మూల నుంచి బయల్దేరినా టైగర్‌కి చేరడం కష్టమేమీ కాదు. ఊరికీ ఊరికీ తేడా తెలిసేది మంగళవారం సాయంత్రం. ఐదింటికి ఆఫీసు వదిలి, ఇంటికొచ్చి, బట్టలు మార్చుకుని, చీకటి పడేలోపు గంటన్నర తొక్కి, భోజనం వేళకి ఇంట్లో ఉండగలరా? ఇక్కడ జూన్‌లో సూర్యుడు తొమ్మిది దాటాకగానీ అస్తమించడు. డిసెంబర్‌లో 4:20కే అయిపోతుంది. కాబట్టి వారం మధ్యలో తొక్కే అవకాశం ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకానే. ఆ ఆరు నెలలూ వాడుకోనిచ్చే ఊరే మనకి కావాలి. వారాంతం మీద ఆశ పెట్టుకోవద్దు, అది పుట్టినరోజు పార్టీలకీ పిల్లల డాన్స్ క్లాసులకీ కాస్ట్‌కోకీ ఎప్పుడో రాసిచ్చేశాం.

ఇంకోటి, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి వెళ్ళాలో ముందు తేల్చుకోండి. అమెజాన్ 2025 జనవరి నుంచి ఐదు రోజులూ రమ్మంటోంది. మైక్రోసాఫ్ట్ 50 మైళ్ళ లోపు ఉండేవాళ్ళకి మూడు రోజులని చెప్పింది. ఐదు రోజులవాళ్ళకి సరైన ఊరు మూడు రోజులవాళ్ళకి సరైనది కాకపోవచ్చు.

రెడ్మండ్: ఆఫీసుకి నూరు మార్కులు

మైక్రోసాఫ్ట్‌లో పనైతే రెడ్మండ్‌కి మించింది లేదు. బెల్వ్యూలో అయినా ఇప్పుడు సుఖమే. 2 లైన్ రైలు 2024 ఏప్రిల్‌లో సౌత్ బెల్వ్యూ నుంచి రెడ్మండ్ టెక్నాలజీ స్టేషన్ దాకా మొదలైంది, 2025 మేలో డౌన్‌టౌన్ రెడ్మండ్ దాకా పొడిగించారు. ఒక్క కారుతో సంసారం నడిపేవాళ్ళకి ఇది పెద్ద విషయం. ఇండియన్ కొట్లు, హోటళ్ళు అన్నీ చుట్టుపక్కలే.

ట్రెయిల్స్ సంగతి కొంచెం నీరసం. వాటర్‌షెడ్ ప్రిజర్వ్ దాదాపు 800 ఎకరాల అడవి, చక్కగా ఉంటుంది, కానీ అందులో కొన్ని దారుల్లోనే సైకిళ్ళకి అనుమతి. రెడ్మండ్ రిడ్జ్ వైపు అడవి దారులు, టోల్ట్ పైప్‌లైన్ కంకర బాట ఉన్నాయి. ఒళ్ళు వంచడానికి చాలు, కొండ దిగుతున్న మజా రాదు. కార్నేషన్‌లో టోల్ట్ మెక్‌డొనాల్డ్ పార్కుకి మాత్రం ఒకసారి వెళ్ళండి. స్నోక్వాల్మీ నది మీద వేలాడే వంతెన దాటాక అడవిలోకి సింగిల్‌ట్రాక్, అంటే ఒక్క సైకిల్ పట్టే సన్నటి బాట మొదలవుతుంది. వర్షాకాలంలో బురద బాగానే ఉంటుంది.

అసలు చిక్కు డథీ హిల్ సైకిల్ పార్కుకి వెళ్ళాలన్నప్పుడు వస్తుంది. సాయంత్రం ఐదున్నరకి రెడ్మండ్ నుంచి ఆగ్నేయంగా బయల్దేరితే, సమామిష్ ప్లేటో (పీఠభూమి) మీద ఇళ్ళున్న జనమంతా అదే దారిలో ముందుంటారు. సైకిల్ కారులోనే పెట్టుకుని ఆఫీసు నుంచి నేరుగా పోయి, ట్రాఫిక్ తగ్గాక తిరిగొచ్చేవాళ్ళూ ఉన్నారు. చేయొచ్చు. కాకపోతే నాలుగైదు వేల డాలర్ల సైకిల్ పగలంతా పార్కింగ్‌లో ఉందన్న టెన్షన్ ఉంటుంది.

ఇసక్వా: పేరుకి మూడు కొండలు

ఇసక్వాలో ఇల్లు చూడటానికి వెళ్తే ఏ కిటికీలోంచి చూసినా కొండే కనిపిస్తుంది. కూగర్, స్క్వాక్, టైగర్. వీటిని ఇసక్వా ఆల్ప్స్ అంటారు. ఏజెంటు కూడా అదే చెప్పి మురిపిస్తాడు. అయితే కూగర్ మౌంటెన్ పార్కు ట్రెయిళ్ళలో సైకిళ్ళు నిషేధం. స్క్వాక్ మౌంటెన్ స్టేట్ పార్కులోనూ అంతే, నడిచేవాళ్ళకీ గుర్రాలకీ మాత్రమే. టైగర్‌లో కూడా ఊరివైపు ఉన్న వెస్ట్ టైగర్ నడిచేవాళ్ళదే. పారాగ్లైడర్లు ఎగిరే పూ పూ పాయింట్ అక్కడే ఉంది. సైకిల్ ట్రెయిల్స్ అన్నీ అవతలి వైపున, ఈస్ట్ టైగర్ మీద ఉన్నాయి. వాటి మొదలు హైవే 18 మీద, టైగర్ సమ్మిట్ దగ్గర. పాత ఇసక్వా ఊళ్ళో ఉంటే అక్కడికి వెళ్ళడానికి ఇసక్వా-హోబార్ట్ రోడ్డు పట్టుకోవాలి. సాయంత్రం పూట ఆ రోడ్డు సంగతి ఆ ఊరివాళ్ళని అడగండి, వాళ్ళే ముఖం చిట్లిస్తారు.

మరి ఇసక్వా ఎందుకు? హైలాండ్స్ కోసం. ఐ-90 ఫ్రీవేకి ఉత్తరాన గుట్ట మీద కట్టిన కాలనీ అది. దాని పక్క నుంచే గ్రాండ్ రిడ్జ్ పార్కు మొదలవుతుంది. అందులోంచి వెళ్ళే ట్రెయిల్ పట్టుకుంటే డథీ హిల్ దాకా వెళ్ళొచ్చు. కారు తీయక్కర్లేదు, ర్యాక్ తగిలించక్కర్లేదు, పార్కింగ్ వెతుక్కోక్కర్లేదు. ఇంటి గరాజ్ తలుపు ఎత్తి సైకిలెక్కడమే. మధ్యలో ఎక్కుళ్ళు దిగుళ్ళు బాగానే ఉంటాయి, వేర్లు, చెక్క వంతెనలు, పెద్ద పెద్ద ఫర్న్ పొదలు. డథీ దాకా పోయే ఓపిక లేని రోజు సగం నుంచి వెనక్కి తిరిగినా ఆ సాయంత్రం వృథా కాదు.

డథీ గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు. కింగ్ కౌంటీ పార్క్స్, ఎవర్‌గ్రీన్ మౌంటెన్ బైక్ అలయన్స్ అనే సైకిల్‌వాళ్ళ సంఘం కలిసి 2010లో తెరిచిన 120 ఎకరాల సైకిల్ పార్కు ఇది. మధ్యలో ఖాళీ జాగా, చుట్టూ ట్రెయిల్స్. బూట్ క్యాంప్ అనే దారి మీద ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా తిరుగుతారు. రయన్స్ ఎటర్నల్ ఫ్లో మీద మలుపుల్లో జారుతూ పోవడం నేర్చుకుంటారు. జంపుల మీద ఎగిరేవాళ్ళ దారులు వేరే. ప్రవేశ రుసుము లేదు. దారుల్లో చాలాచోట్ల కంకర కొట్టి గట్టిపరిచారు కాబట్టి వానల్లో కూడా తొక్కొచ్చు. ఈ ప్రాంతంలో సంవత్సరం పొడుగునా పనికొచ్చే చోటు కావాలంటే ఇదే. పొడవైన దిగుడు మాత్రం ఇక్కడ ఉండదు, అది టైగర్‌లోనే.

ఆఫీసు సంగతికొస్తే సియాటిల్ దాదాపు 17 మైళ్ళు, ఐ-90 మీద టోల్ లేదు. ఉత్తరాన 520 వంతెన దాటాలంటే టోల్ కట్టాలి. హైలాండ్స్‌లోనే కారు పెట్టి బస్సెక్కే పెద్ద పార్క్ అండ్ రైడ్ ఉంది. రెడ్మండ్‌లో ఆఫీసైతే మాత్రం ఐ-90, 405 కలిసే చోట రోజూ కాస్త పుణ్యం ఖర్చవుతుంది.

సమామిష్: మనవాళ్ళ ఊరు, దక్షిణం వైపు అయితేనే

సమామిష్‌లో తెలుగు మాట వినపడని వీధి ఉండదేమో. వేదిక్ కల్చరల్ సెంటర్ ఇక్కడే ఉంది, పండగలకి జనం కిటకిటలాడతారు. కానీ సైకిల్ కోణంలో చూస్తే సమామిష్ రెండు ఊళ్ళు. ఉత్తరం వైపు రెడ్మండ్‌కి దగ్గర, లేక్ వాషింగ్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్. దక్షిణం వైపు ఇసక్వా స్కూల్ డిస్ట్రిక్ట్, 2016లో కలిసిన క్లహానీ, ఆగ్నేయ అంచున ట్రొసాక్స్. ట్రొసాక్స్ వైపు ఇల్లయితే డథీ పెరట్లో ఉన్నట్టే. బడి అయ్యాక పిల్లలు తమంతట తాము సైకిలేసుకుని పోగలిగే చోటు అది, మనల్ని డ్రైవింగ్ డ్యూటీ నుంచి తప్పిస్తుంది.

మధ్య సమామిష్‌లో ఉండేవాళ్ళకి సోరింగ్ ఈగల్ పార్కు ఉంది. 600 ఎకరాల పైన అడవి, ఎక్కుడు తక్కువ, వేర్లు ఎక్కువ, దారులు గజిబిజి. మొదటిసారి వెళ్తే ఫోన్‌లో మ్యాప్ లేకుండా లోపలికి పోకండి. కొత్తగా సైకిల్ కొన్న భర్తో భార్యో భయం లేకుండా అలవాటు పడటానికి ఇంతకన్నా మంచి చోటు తెలీదు నాకు.

లోటు ఏంటంటే ప్లేటో మీదికి ఫ్రీవే లేదు. ఎటు దిగాలన్నా నాలుగైదు రోడ్లే, వాటిలో 228వ అవెన్యూ ఒక్కటే ఊరికి వెన్నెముక. బస్సులు అరకొర. ఇద్దరికీ ఆఫీసుంటే రెండు కార్లు తప్పవు.

స్నోక్వాల్మీ రిడ్జ్, నార్త్ బెండ్: కొండ కోసం ఇంటి అడ్రస్ మార్చుకునేవాళ్ళకి

మ్యాప్‌లో ఇవి చివర్లో కనిపిస్తాయి, అందుకని చాలామంది అసలు చూడరు. కానీ ఒక విచిత్రం ఉంది. ఈస్ట్ టైగర్ సైకిల్ ట్రెయిల్స్‌కి ఇసక్వా కన్నా స్నోక్వాల్మీ రిడ్జ్ నుంచే సులువు. రిడ్జ్ దిగిన చోటే ఐ-90 దాటితే హైవే 18, ఐదు మైళ్ళ లోపే టైగర్ సమ్మిట్. అక్కడి నుంచి ఈస్ట్ టైగర్ శిఖరం 3,004 అడుగులు, అంటే దాదాపు 1,600 అడుగుల ఎక్కుడు. ఊపిరి బిగబట్టి ఎక్కితే దిగేటప్పుడు ఆఫ్ ద గ్రిడ్, ప్రిడేటర్ లాంటి దారులు. ప్రిడేటర్ పేరుకి తగ్గట్టే ఉంటుంది, చేయి తిరిగినవాళ్ళకే. మామూలువాళ్ళకి సైలెంట్ స్వాంప్, నార్త్‌వెస్ట్ టింబర్ చాలు. రోడ్డుకి అవతల రేజింగ్ రివర్ స్టేట్ ఫారెస్ట్, అక్కడ నో సర్వీస్ అనే దారికి పేరు ఊరికే పెట్టలేదు, ఫోన్ సిగ్నల్ పోతుంది. ఇంట్లో చెప్పి వెళ్ళండి. ఈ రెండూ స్టేట్ అడవులు కాబట్టి కారు పార్క్ చేయడానికి డిస్కవర్ పాస్ ఉండాలి.

నార్త్ బెండ్‌లో ఉంటే ఓలలీ ట్రెయిల్ దగ్గర. రాటిల్‌స్నేక్ లేక్ దగ్గర మొదలయ్యే పలూస్ టు కాస్కేడ్స్ బాట కూడా పక్కనే. పాత రైల్వే లైను కాబట్టి ఎక్కుడు మెల్లగా ఉంటుంది, 2.3 మైళ్ళ సొరంగంలో జూలైలో కూడా చలేస్తుంది. ఇవన్నీ ఇంటికి పదిహేను ఇరవై నిమిషాల్లో అనుకుంటే నోరూరుతుంది.

ఇప్పుడు బిల్లు చూద్దాం. సియాటిల్ ఆఫీసైతే నార్త్ బెండ్ నుంచి ఒక వైపే సుమారు 30 మైళ్ళు, రోజూ రానూపోనూ. వాన సంగతి ఎవరూ చెప్పరు: సియాటిల్‌లో ఏడాదికి 38 అంగుళాల దాకా పడితే, మబ్బులు కాస్కేడ్స్‌ని ఢీకొట్టే ఈ వైపు స్నోక్వాల్మీ ఫాల్స్ దగ్గర 60 దాకా పడుతుంది. కనుమలోంచి వీచే తూర్పు గాలికి కరెంటు పోతుంది. 2024 నవంబర్ బాంబ్ సైక్లోన్ (ఒక్కసారిగా బలపడిన తుఫాను) అప్పుడు ఇసక్వా, సమామిష్‌లలో కూడా రోజుల తరబడి కరెంటు లేదనుకోండి, అది అందరి కష్టమే. గ్రోసరీకి వారానికోసారి ఇసక్వా అవతలికి దిగాలి. బదులుగా ఇల్లు కాస్త చవగ్గా, కాస్త పెద్దగా దొరుకుతుంది. చవగ్గా అంటే ఈస్ట్‌సైడ్ లెక్కలో చవగ్గా అని అర్థం.

ఎవరికి ఏది

వారానికి ఐదు రోజులు సియాటిల్ వెళ్ళేవాళ్ళకి నేనైతే ఇసక్వా హైలాండ్స్ అంటాను, సందేహం లేదు. ఇంటికొచ్చాక మళ్ళీ కారెక్కకుండా ట్రెయిల్ మీద పడగలిగే చోటు ఈ జాబితాలో అదీ, ట్రొసాక్సూ మాత్రమే. రెడ్మండ్‌లో ఆఫీసు ఉండి, పిల్లలు బడికెళ్ళే వయసులో ఉంటే దక్షిణ సమామిష్ వైపు మొగ్గుతాను. రోజూ ఇంకో పావుగంట డ్రైవింగ్ పెరిగినా సరే, పిల్లలతో కలిసి వారానికి రెండు సాయంత్రాలు దొరుకుతాయి. మూడు రోజులే ఆఫీసు, అదీ పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికే బయటపడగలిగే టీమ్ అయితే స్నోక్వాల్మీ రిడ్జ్. నార్త్ బెండ్ మాత్రం ఇంటి నుంచే పనిచేసేవాళ్ళకే చెప్తాను. అక్కడి నుంచి రోజూ ఆఫీసుకి తిరిగితే, అలసిపోయి కొండని కిటికీలోంచి చూస్తూ కూర్చునే ప్రమాదం ఉంది.

కొత్తగా దిగినవాళ్ళు, సైకిల్ ఇంకా కొననివాళ్ళు, ఒకే కారు ఉన్నవాళ్ళు రెడ్మండ్‌లో ఏడాది అద్దెకి ఉండటమే నయం. ఆ ఏడాదిలో మీకు దూకుళ్ళు ఇష్టమో, పొడవైన ఎక్కుళ్ళు ఇష్టమో తెలిసిపోతుంది. దూకుళ్ళవాళ్ళు డథీ చుట్టూ, ఎక్కుళ్ళవాళ్ళు హైవే 18 చుట్టూ ఇల్లు చూసుకుంటారు. అన్నట్టు ఎవర్‌గ్రీన్ వాళ్ళు ట్రెయిల్ బాగుచేసే పనులకి వాలంటీర్లని పిలుస్తుంటారు. ఒక పూట పార పట్టుకుని వాళ్ళతో పనిచేస్తే ఏ ఊళ్ళో ఎవరు ఎలా సర్దుకుంటున్నారో ఏజెంట్ల కన్నా బాగా చెప్తారు.

ఓపెన్ హౌస్‌కి వెళ్ళినప్పుడు కిచెన్ కౌంటర్లు చూశాక గరాజ్‌లోకి కూడా తొంగి చూడండి. రెండు కార్లు పెట్టాక రెండు సైకిళ్ళకి గోడ మిగులుతుందా? బయట గొట్టం తగిలించే కుళాయి ఉందా? హైలాండ్స్‌లో చాలా టౌన్‌హోమ్‌ల గరాజ్‌లు ఇరుకు, అపార్ట్‌మెంట్‌లో అయితే కుళాయి ఉండదు. ఇక్కడ అక్టోబర్ నుంచి మే దాకా ప్రతి రైడ్ నుంచీ సైకిల్ బురదతోనే తిరిగొస్తుంది, దాన్ని స్నానాలగదిలో కడగడానికి ఇంట్లో ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను.