వెబ్‌సైట్ చేయించుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు డొమైన్ ఎవరి అకౌంట్లో ఉందో చూడండి

పచ్చళ్ల వ్యాపారానికో, కోచింగ్ సెంటర్‌కో, క్లినిక్‌కో "డొమైన్, హోస్టింగ్ అన్నీ ప్యాకేజీలోనే సార్, మీరేం పట్టించుకోనక్కర్లేదు" అన్న మాట మీద వెబ్‌సైట్ చేయించుకున్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. ఇంకా చేయించుకోనివాళ్లయితే అడ్వాన్స్ ఇవ్వకముందే చదవండి. డొమైన్ అంటే మీ సైట్ చిరునామా, హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లు ఉండే అద్దె సర్వర్ చోటు.

ఈ గొడవలన్నీ ఇంచుమించు ఒకే దారిలో నడుస్తాయి. మొదటి ఏడాది ఏ ఇబ్బందీ ఉండదు. రెండో ఏడాది రెన్యువల్ బిల్లు వస్తుంది. మామూలుగా వెయ్యి రూపాయలకి అటూఇటూ అయ్యే డాట్ కామ్‌కీ, చిన్న సైట్‌కి సరిపోయే షేర్డ్ హోస్టింగ్‌కీ కలిపి పాతిక వేలు అడుగుతారు. ఎస్‌ఎస్‌ఎల్‌కి (సైట్‌కీ బ్రౌజర్‌కీ మధ్య సమాచారాన్ని గుప్తంగా ఉంచే సర్టిఫికెట్) విడిగా కొన్ని వేలు వేస్తారు. ఎక్కువ చిన్న సైట్లలో ఉండేది లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్టే, సర్వరే దాన్ని తనంతట తాను రెన్యూ చేసుకుంటుంది. "సరే, వివరాలు ఇచ్చేయండి, వేరేవాళ్లతో చేయించుకుంటాం" అనగానే ఫోన్ ఎత్తడం మానేస్తారు. ముదిరితే ఒకరోజు సైట్ బదులు "అకౌంట్ సస్పెండెడ్" అన్న పేజీ కనిపిస్తుంది. ఆఫీసు మెయిళ్లు కూడా అదే హోస్టింగ్‌లో ఉంటే అవీ ఆగిపోతాయి.

అవతలివాళ్లు మోసగాళ్లే కానక్కర్లేదు. ఫ్రీలాన్సర్ ఉద్యోగంలో చేరిపోతాడు, నంబర్ మారుస్తాడు, ఆటో రెన్యువల్ పెట్టిన కార్డు గడువు అయిపోతుంది. రిమైండర్ మెయిళ్లు వెళ్లేది అతనికే కాబట్టి మీకు తెలిసేది సైట్ పడిపోయాకే.

"వర్డ్‌ప్రెస్ అడ్మిన్ లాగిన్ మా దగ్గర ఉందిగా" అని నిశ్చింతగా ఉండేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటున్నారు. ఆ లాగిన్‌తో ఫొటోలు మార్చుకోవచ్చు, ధరలు దిద్దుకోవచ్చు. పైనున్న డెవలపర్ మాత్రం హోస్టింగ్ కంట్రోల్ పేజీ అయిన సీప్యానెల్‌లోంచి డేటాబేస్ తెరిచి మీ యూజర్‌ని నిమిషంలో తీసేయగలడు. పెత్తనం ఎవరిదో తెలియాలంటే ప్రతి సర్వీసు దగ్గరా మూడు విషయాలు అడగండి: అకౌంట్ ఎవరి పేరు మీద ఉంది, దాని వెనకున్న ఈమెయిల్ ఎవరిది, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది. పాస్‌వర్డ్ మీ చేతిలో ఉండి ఈ మూడూ డెవలపర్‌వైతే, "ఫర్గాట్ పాస్‌వర్డ్" నొక్కి అతను ఎప్పుడైనా వెనక్కి తీసేసుకుంటాడు. ఇల్లు మీ డబ్బుతో కట్టించి దస్తావేజు మేస్త్రీ పేరున రాయించుకున్నట్టే.

అన్నిటికంటే ముందు డొమైన్ సంగతి చూడాలి. కోడ్ పోతే మళ్లీ రాయించుకోవచ్చు, హోస్టింగ్ ఎక్కడైనా దొరుకుతుంది. బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద, పచ్చడి సీసా లేబుల్ మీద అచ్చువేసిన పేరు మాత్రం ఒక్కటే. డొమైన్ల నియమాలు చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ వాళ్ల లుకప్ పేజీలో మీ డొమైన్ కొట్టి చూడండి. ఏ రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర ఉంది, గడువు ఏ తేదీతో ముగుస్తుంది, లాక్‌లో (వేరేచోటికి మారకుండా వేసే తాళంలో) ఉందా అన్నవి కనిపిస్తాయి. ఓనర్ పేరు మాత్రం ఇప్పుడు చాలా డొమైన్లకి దాచి ఉంటుంది, కాబట్టి అక్కడ మీ పేరు లేదని కంగారుపడొద్దు, ఏమీ కనిపించలేదని ధీమాగానూ ఉండొద్దు. రిజిస్ట్రార్ అకౌంట్లో కాంటాక్ట్ వివరాల పేజీ తెరిపించి, రిజిస్ట్రెంట్ (డొమైన్ ఓనర్) పేరు, ఆర్గనైజేషన్, ఈమెయిల్ మూడూ మీ కళ్లతో చూడండి. ఆర్గనైజేషన్ గడిలో డెవలపర్ కంపెనీ పేరుంటే, పైన మీ పేరున్నా డొమైన్ ఆ కంపెనీదే అనడానికి ఆస్కారం ఉంటుంది.

సరైన పద్ధతి చాలా సులువు. గోడాడీ, హోస్టింగర్, నేమ్‌చీప్, ఏదైనా సరే, మీ ఈమెయిల్‌తో మీరే అకౌంట్ తెరిచి, మీ కార్డుతోనో యూపీఐతోనో కట్టి, మీ పేరున ఇన్‌వాయిస్ తీసుకోండి. ఆ ఈమెయిల్ జీమెయిల్ లాంటిది కావాలి, అదే డొమైన్ మీద నడిచేది పెట్టొద్దు. డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది, పాస్‌వర్డ్ రీసెట్ లింక్ వచ్చే చోటే ఉండదు. డెవలపర్‌కి పాస్‌వర్డ్ చెప్పాల్సిన పని కూడా లేదు. చాలా రిజిస్ట్రార్ల దగ్గర డెలిగేట్ యాక్సెస్ (పాస్‌వర్డ్ ఇవ్వకుండానే పని చేసుకోనిచ్చే అనుమతి) ఉంటుంది. అది లేకపోతే అతను చెప్పిన నేమ్‌సర్వర్లు (డొమైన్ రికార్డులు ఉండే సర్వర్ల పేర్లు) మీరే టైప్ చేయండి, రెండు లైన్ల పని. "మా అకౌంట్లో ఉంటేనే టెక్నికల్‌గా కుదురుతుంది" అని ఎవరైనా అంటే నమ్మొద్దు, అలాంటి సాంకేతిక అవసరం ఏదీ లేదు.

ఇప్పటికే డెవలపర్ అకౌంట్లో ఉంటే బయటికి తీయడానికి రెండు దారులున్నాయి. అదే రిజిస్ట్రార్ దగ్గర మీరూ ఒక అకౌంట్ తెరిచి, అతని దాంట్లోంచి మీ దాంట్లోకి మార్పించుకోవడం ఒకటి. ఇది సాధారణంగా ఖర్చు లేకుండా అదే రోజు అయిపోతుంది. రెండోది వేరే రిజిస్ట్రార్‌కి ట్రాన్స్‌ఫర్. అతను లాక్ తీసి ఆథ్ కోడ్ (ట్రాన్స్‌ఫర్‌కి అనుమతిచ్చే రహస్య కోడ్) ఇవ్వాలి, దీన్నే ఈపీపీ కోడ్ అని కూడా అంటారు. డాట్ కామ్‌కి మామూలుగా వారంలోపు పూర్తవుతుంది, మీరు కట్టిన డబ్బుకి గడువు ఏడాది పెరుగుతుంది. కొత్తగా కొన్న, ఈమధ్యే ట్రాన్స్‌ఫర్ చేసిన డాట్ కామ్ 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కి కదలదు. ఓనర్ వివరాలు మార్చినా చాలాచోట్ల అదే లాక్ పడుతుంది, కాబట్టి ముందు ట్రాన్స్‌ఫర్ చేసుకుని పేరు తర్వాత మార్చుకోవడం మేలు. రిజిస్టరైన ఓనర్ అడిగితే రిజిస్ట్రార్ అయిదు రోజుల్లో ఆథ్ కోడ్ ఇవ్వాలన్న ఐకాన్ నియమం ఉంది. ఓనర్ గడిలో డెవలపర్ పేరుంటే ఆ నియమం కాపాడేది అతన్నే, మిమ్మల్ని కాదు.

ట్రాన్స్‌ఫర్‌కి ముందు డీఎన్‌ఎస్ రికార్డులన్నీ (సైట్, మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేవి) కాపీ చేసి పెట్టుకోండి: ఏ, సీనేమ్ (సైట్ కోసం), ఎంఎక్స్ (మెయిల్ కోసం), టీఎక్స్‌టీ (వెరిఫికేషన్ లాంటివాటి కోసం). ఇక్కడే తొందరపడతారు. పాత రిజిస్ట్రార్ దగ్గరే డీఎన్‌ఎస్ నడుస్తుంటే డొమైన్‌తో పాటు ఆ రికార్డులు రావు. సైట్ కోసం ఏ రికార్డ్ ఒక్కటీ పెట్టి ఎంఎక్స్ మరిచిపోతే సైట్ చక్కగా తెరుచుకుంటుంది, మెయిళ్లు మాత్రం రావు. మర్నాటిదాకా ఆ సంగతే ఎవరికీ తెలియదు. మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు పోతే మీరు పంపిన కొటేషన్లు స్పామ్‌లో పడతాయి.

గడువు దాటితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. డాట్ కామ్‌కి గడువయ్యాక రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల దాకా మామూలు ధరకి రెన్యూ చేసుకునే వీలుండొచ్చు, కానీ సైట్ ఈలోపే ఆగిపోతుంది, కొందరు ఈలోపే వేలానికి కూడా పెడతారు. తర్వాత 30 రోజులు రిడెంప్షన్ (విడిపించుకునే ఆఖరి గడువు), అప్పుడు రెన్యువల్ మీద అదనపు ఫీజు బాగా పడుతుంది. ఆ తర్వాత 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు, ఆపైన ఎవరైనా కొనుక్కోవచ్చు. అకౌంట్ మీది కానప్పుడు ఇన్ని రోజులూ మీరు బయట నిలబడి చూడాల్సిందే.

డొమైన్ వివాదాల ఫిర్యాదుతో తేలిగ్గా వచ్చేస్తుందని ఆశపడొద్దు. ఇలాంటి ఫిర్యాదుల విధానాలుగా డాట్ కామ్‌కి యూడీఆర్‌పీ, డాట్ ఇన్‌కి ఆ డొమైన్లని చూసే సంస్థ నిక్సీ నడిపే ఐఎన్‌డీఆర్‌పీ ఉన్నాయి. రెండింట్లోనూ పేరు మీద మీకు ట్రేడ్‌మార్క్ లాంటి హక్కు ఉండాలి, అవతలివాళ్లది దురుద్దేశమని చూపించాలి. ఈ కేసులు చూసే సంస్థల్లో ఒకటైన వైపో దగ్గర ఒక్క డొమైన్‌కి, ఒకే ప్యానెలిస్ట్‌తో యూడీఆర్‌పీ ఫీజే 1,500 డాలర్లు. పైగా క్లయింట్‌కీ డెవలపర్‌కీ మధ్య డబ్బు గొడవని కనిపిస్తే, ఇది కాంట్రాక్ట్ తగాదా, కోర్టుకి వెళ్లండని తోసిపుచ్చే ప్యానెళ్లున్నాయి.

హోస్టింగ్ విషయానికొస్తే, చాలామంది డెవలపర్లు రీసెల్లర్ ప్లాన్ ఒకటి కొని అందులోనే నలభై యాభై క్లయింట్ల సైట్లు పెడతారు. ఖర్చు తగ్గుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ అసలు హోస్టింగ్ కంపెనీకి మీరెవరో తెలియదు, మీరు ఫోన్ చేస్తే "మీ ప్రొవైడర్‌ని అడగండి" అంటారు. అందుకే బ్యాకప్ మీ దగ్గర ఉండాలి. వర్డ్‌ప్రెస్ సైట్ బ్యాకప్ అంటే సైట్ ఫైళ్లుండే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ జిప్ ఒక్కటే కాదు, దాంతోపాటు డేటాబేస్ ఎస్‌క్యూఎల్ ఫైల్ ఉండాలి. పేజీలు, ఆర్డర్లు, కస్టమర్ల చిరునామాలు అన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. జిప్ ఒక్కటే ఇస్తే మీకు మిగిలేది ఫొటోలూ డిజైనూ. లారవెల్, రియాక్ట్ లాంటి ప్రోగ్రామింగ్ సాధనాలతో రాయించుకుంటే బిల్డ్ ఫోల్డర్ ఇచ్చి "ఇదే కోడ్" అనేవాళ్లున్నారు. బిల్డ్ అంటే తయారైన సరుకు, దాన్ని దిద్దడం దాదాపు అసాధ్యం. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో మీ పేరున ఆర్గనైజేషన్ తెరిచి రిపాజిటరీ (కోడ్ మొత్తం ఉన్న ఫోల్డర్) అందులోకి ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. ఈఎన్‌వీ ఫైల్ (పాస్‌వర్డ్‌లు, సెట్టింగులు ఉండేది), డేటాబేస్ డంప్ (డేటాబేస్ కాపీ), సర్వర్ మీద ఎక్కించే పద్ధతి రాసిన ఒక పేజీ విడిగా తీసుకోండి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ అయితే రూట్ అకౌంట్ (సర్వాధికారాలున్నది) మీదై ఉండాలి, డెవలపర్‌కి ఐఏఎం యూజర్ (పరిమిత అనుమతులున్నది) చాలు.

బ్యాకప్ తీసుకున్నామనిపించుకుంటే సరిపోదు. చివరి విడత చెల్లించే ముందు సంబంధం లేని ఇంకో మనిషితో వేరే సర్వర్ మీద దాన్ని లేపించి చూడండి. సగం బ్యాకప్‌ల బండారం అక్కడే బయటపడుతుంది. మొత్తంలో పాతిక నుంచి ముప్పై శాతం ఈ పరీక్ష అయ్యేదాకా ఆపుకోవడం సబబు, ఒప్పందంలో ముందే అలా రాసుకోండి. ఇవ్వాల్సింది ఎగ్గొట్టి "మా సైట్ ఆపేశాడు" అని గోలపెట్టేవాళ్లూ ఉన్నారు, ఈ హెచ్చరిక వాళ్ల కోసం కాదు.

రెడీమేడ్‌గా సైట్లు కట్టుకునే విక్స్‌లో కట్టిన సైట్‌ని వేరే హోస్టింగ్‌కి ఎత్తుకెళ్లలేరు, అకౌంట్ ఓనర్‌షిప్ మార్పించుకోవడమే దారి. ఆన్‌లైన్ దుకాణాల వేదిక షాపిఫైలో స్టోర్ ఓనర్ మీరై ఉండాలి, డెవలపర్ కొలాబరేటర్‌గా (పరిమిత అనుమతితో) వస్తే చాలు.

థీమ్‌లు (డిజైన్లు), ప్లగిన్‌ల (అదనపు సౌకర్యాలిచ్చే సాఫ్ట్‌వేర్‌ల) లైసెన్స్ ఎవరి అకౌంట్లో ఉందో అడగండి. డెవలపర్ లైసెన్స్ తీసేస్తే సైట్ వెంటనే పడిపోదు గానీ అప్‌డేట్లు ఆగిపోతాయి, కొన్ని నెలలకి అదే హ్యాకర్లకి దారవుతుంది. ఇంకా ఘోరం నల్డ్ ప్లగిన్లు, అంటే లైసెన్స్ తీసేసి పంచే దొంగ కాపీలు. వాటిలో తరచూ దొంగ కోడ్ ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న ప్లగిన్ అంటే రసీదు చూపించమనండి.

చట్టం విషయంలో చాలామందికి తెలియని ముఖ్యమైన సంగతి: డబ్బిచ్చినంత మాత్రాన కోడ్ మీదైపోదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం జీతానికి పనిచేసే ఉద్యోగి రాసిన కోడ్ యజమానిదవుతుంది, కాంట్రాక్ట్ మీద చేసిన ఫ్రీలాన్సర్ రాసింది మామూలుగా అతనిదే. మీకు రావాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా, అతని సంతకంతో బదిలీ కావాలి. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. ఏడాదిలోపు వాడకపోతే హక్కు వెనక్కి పోతుందన్న నిబంధన కూడా ఉంది, వేరేగా రాసుకుంటే తప్ప. అందుకే ఒప్పందంలో "కాపీరైట్ పూర్తి కాలానికి, ప్రపంచమంతటికీ, వాడినా వాడకపోయినా" అన్న మాటలు తప్పనిసరిగా ఉండాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడి కుర్రాళ్లతో సైట్లు చేయించుకునే మనవాళ్లకి ఆ "ప్రపంచమంతటికీ" మరీ అవసరం.

పేమెంట్ గేట్‌వే మీ కేవైసీతో, మీ కరెంట్ అకౌంట్‌కి తెరవాలి. టెస్టింగ్ కోసమని డెవలపర్ తన లైవ్ కీలు (సైట్‌ని గేట్‌వే అకౌంట్‌కి కలిపే కోడ్‌లు) పెట్టి మార్చడం మరిచిపోతే మీ కస్టమర్ల డబ్బు అతనికి జమవుతుంది. ఓటీపీ ఎస్‌ఎంఎస్‌లకి టెలికాం కంపెనీల ఎస్‌ఎంఎస్ నమోదు వ్యవస్థ డీఎల్‌టీలో ప్రిన్సిపల్ ఎంటిటీగా (మెసేజ్‌లు పంపే అసలు సంస్థగా) మీ సంస్థే నమోదై ఉండాలి. హెడర్ (పంపేవాళ్ల పేరు), టెంప్లేట్లు (మెసేజ్ నమూనాలు) వేరేవాళ్ల ఎంటిటీ కింద ఉంటే విడిపోయిన రోజు మళ్లీ మొదటి నుంచి నమోదు చేసుకోవాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ప్రైమరీ ఓనర్ మీరేనా, అనలిటిక్స్‌లో అడ్మినిస్ట్రేటర్ మీరేనా చూసుకోండి.

విడిపోవాల్సి వస్తే గొడవ పెట్టుకోకముందే, మాటామంతీ బాగున్నప్పుడే ఈ వరసలో కదలండి. మొదట డొమైన్ మీ అకౌంట్లోకి, తర్వాత డీఎన్‌ఎస్, తర్వాత ఫైళ్లూ డేటాబేసూ కొత్త సర్వర్‌కి. సైట్ మీ దగ్గర లేచాక వర్డ్‌ప్రెస్ యూజర్ల జాబితాలో తెలియని అడ్మిన్లని తీసేయండి, మిగిలినవాళ్ల ప్రొఫైల్లో అప్లికేషన్ పాస్‌వర్డ్‌లు (బయటి యాప్‌లకిచ్చేవి) రద్దుచేయండి, ఎంయూ ప్లగిన్స్ ఫోల్డర్ తెరిచి చూడండి, ఎందుకంటే అక్కడున్నవి మామూలు ప్లగిన్ల జాబితాలో కనిపించవు, డాష్‌బోర్డులోంచి ఆపడానికీ వీలుండదు. డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైల్లో సాల్ట్ కీలు (లాగిన్‌లని కాపాడే రహస్య కోడ్‌లు) మారిస్తే లాగిన్ అయి ఉన్నవాళ్లంతా బయటికి వచ్చేస్తారు. డేటాబేస్, ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు (ఎఫ్‌టీపీ, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లోకి వెళ్లే దారులు), పేమెంట్ గేట్‌వే సీక్రెట్ కొత్తవి పెట్టండి. గూగుల్ సర్చ్ కన్సోల్‌లో పాత ఓనర్‌ని తొలగించాక అతను పెట్టిన వెరిఫికేషన్ ఫైల్‌నో టీఎక్స్‌టీ రికార్డ్‌నో కూడా తీసేయాలి, లేకపోతే మళ్లీ ఓనర్‌గా వచ్చేస్తాడు. పాత హోస్టింగ్ మాత్రం ఆ రోజే ఆపించొద్దు. పాత మెయిళ్లు అందులోనే ఉండిపోతాయి, వాటిని ఐమ్యాప్ (సర్వర్ మీది మెయిళ్లని తెరిచే పద్ధతి) ద్వారా కొత్త మెయిల్‌బాక్సుల్లోకి లాగి, లెక్క సరిపోయిందని చూసుకున్నాకే రద్దు చేయమని చెప్పండి.